చూసిన రాయి, విన్న రాక్షసుడు

ఒకరి కళ్ళ మీదికి ఉన్ని లాగడం అని ఇంగ్లీషులో ఒక జాతీయం ఉంది. జరుగుతున్నది ఎదుటివాడి కంట పడకుండా చేసి, వాణ్ణి నమ్మకంలోనే ఉంచి, తన పని కానిచ్చుకోవడం అని దాని అర్థం. లెక్కలు తారుమారు చేస్తూ యజమాని దగ్గర మంచివాడనిపించుకునే గుమస్తా, అప్పుల సంగతి ఇంట్లో పొక్కనివ్వని భర్త చేసే పనిని ఈ మాటతో చెబుతారు. ఎదుటివాడు ఎంత పోగొట్టుకున్నాడన్నది ఈ మాటకు ముఖ్యం కాదు. వాడి చూపు మూసుకుపోయిందా లేదా అన్నదే ముఖ్యం. అందుకే దారికాచి దోచుకున్నవాడి విషయంలో దీన్ని వాడరు. దోపిడీలో బాధితుడికి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. 'నా కళ్ళ మీదికి ఉన్ని లాగలేవు' అని ఎదురు తిరిగేటప్పుడు కూడా ఈ జాతీయం తరచుగా వినిపిస్తుంది.

ఆ ఉన్ని ఎక్కడిదన్నదానికి ఎక్కువమంది చెప్పే కథ ఒకటుంది. ఒకప్పుడు యూరప్‌లో పెద్దమనుషులు విగ్గులు పెట్టుకునేవారు. దారిన పోయేవాడి విగ్గును ముందుకు లాగితే కళ్ళు మూసుకుపోతాయి, ఆ లోపల జేబు ఖాళీ చేయొచ్చు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఈ మాట అచ్చులో కనిపించడం మొదలైంది 19వ శతాబ్దపు తొలి సగంలో, అదీ అమెరికాలో. అప్పటికి మగవాళ్ళ విగ్గులు వాడుక తప్పి చాలా కాలమైంది. కాబట్టి ఆ కథను పూర్తిగా నమ్మడానికి లేదు. మోసాన్ని చెప్పే మాట పుట్టుక విషయంలోనే చక్కని కథ ఒకటి రుజువు స్థానంలో కూర్చుందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది, ముందు ముందు పనికొస్తుంది.

తెలుగులో దీనికి సరిజోడు మాటలు కావలసినన్ని ఉన్నాయి. కళ్ళుగప్పడం, కళ్ళకు గంతలు కట్టడం, కళ్ళలో దుమ్ము కొట్టడం. గారడీవాడి విద్యకు కనికట్టు అని పేరు. కంటికి కట్టే కట్టు అది. వీటన్నిటిలోనూ భావన ఒకటే: చూపు బాగానే ఉంది, వస్తువూ అక్కడే ఉంది, మధ్యలో ఎవరో ఏదో అడ్డం పెట్టారు. కానీ తెలుగువాడు మోసం గురించి మాట్లాడేటప్పుడు ఇంకో తరహా మాటలే ఎక్కువ వాడతాడు. అరచేతిలో వైకుంఠం చూపించడం, చెవిలో పువ్వు పెట్టడం, పంగనామాలు పెట్టడం, శఠగోపం పెట్టడం. వీటిలో కళ్ళు మూయడం లేదు. అరచేతిలో వైకుంఠం చూడాలంటే కళ్ళు బాగా తెరుచుకునే ఉండాలి.

అద్వైత వేదాంతం అవిద్యకు రెండు శక్తులు చెబుతుంది. ఆవరణం అంటే ఉన్నదాన్ని కప్పేయడం. విక్షేపం అంటే లేనిదాన్ని దాని మీద చూపించడం. మసకచీకట్లో తాడు తాడుగా కనపడకపోవడం ఆవరణం, అక్కడ పాము కనపడడం విక్షేపం. ఇంగ్లీషు ఉన్ని మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది. కప్పడం ఒక్కటే మోసమైతే కప్పినదాన్ని తీసేస్తే సరిపోవాలి. లోకంలో జరిగే మోసాలు అలా తీరవు. తాడు కనపడలేదన్న కారణంతో ఎవరూ పరుగెత్తరు. పాము కనపడితేనే పరుగెత్తుతారు. మోసగాడు ఎదుటివాడి కంటికి ఒక వైకుంఠాన్ని అందిస్తాడు. ఆ వైకుంఠం కావాలన్న కోరిక మాత్రం చూసేవాడిలో ముందే ఉంటుంది.

తెలుగు వ్యాకరణం ఈ సంగతిని తనలో దాచుకుంది. 'మోసం చేశాడు' అన్నదానికి ఎదురుమాట 'మోసం చేయబడ్డాడు' కాదు. అలా ఎవరూ అనరు. 'మోసపోయాడు' అంటారు. చెడిపోవడం, నష్టపోవడం, మురిసిపోవడం లాంటి క్రియల వరుసలోనే ఇదీ ఉంది. ఇక్కడ మోసపోయినవాడే కర్త. ఎవడు మోసం చేశాడో చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. ఇది బాధితుణ్ణి తప్పుపట్టడమా? అలా అనుకునేవారు ఉన్నారు. అంతకంటే, మోసంలో లోపలి నుంచి జరిగే కదలిక ఒకటుందని భాష గుర్తించిందనుకోవడమే న్యాయం.

శఠగోపం దగ్గర కాసేపు ఆగాలి. విష్ణ్వాలయాల్లో తీర్థం ఇచ్చాక అర్చకుడు భక్తుడి తల మీద పెట్టే గిన్నెలాంటి కిరీటం అది. పైన స్వామి పాదాలు ఉంటాయి. నమ్మాళ్వారుకు శఠకోపుడని పేరు. ఆ పేరు మీదనే దీనికీ పేరు వచ్చింది. పుట్టగానే బిడ్డను కమ్మి పూర్వజ్ఞానాన్ని మరపింపజేసే గాలి ఒకటుందని, దాన్ని శఠమంటారని, నమ్మాళ్వారు దాన్ని కోపించి తరిమేశాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. సంస్కృతంలో శఠుడంటే వంచకుడు. అంటే ఆ పేరులో ఉన్నది వంచన మీద కోపం. మనిషిని పుట్టుకతోనే పట్టుకునే మరపును వదిలించే గుర్తు అది. అదే మాట తెలుగు వాడుకలో నిలువునా ముంచడానికి పేరైంది. తల మీద బోర్లించే ఆకారం వల్ల టోపీ పెట్టడమన్న జాతీయంతో ఇది కలిసిపోయి ఉండవచ్చు. దక్షిణ ఇచ్చినవాడి చేతికి ఏమీ రాలేదన్న చూపు కూడా ఇందులో ఉండవచ్చు. కారణం ఏదైనా, శఠగోపం తీసుకోవాలంటే తల వంచాలి. నిటారుగా నిలబడ్డవాడికి దాన్ని పెట్టలేరు. మోసానికి కావలసింది కూడా ఈ తల వంచడమేనని, అంటే నమ్మకమేనని ఈ జాతీయం చెప్పకనే చెబుతోంది. తెలుగువారు మోసానికి ఇన్ని మాటలు గుడి నుంచి తెచ్చుకోవడం నాస్తికత్వం కాదు. మనిషి అన్నిటికంటే గాఢంగా నమ్మే చోటు ఏదో వారికి తెలుసు, అందుకే మాట అక్కడి నుంచి తెచ్చుకున్నారు.

నమ్మకం ఒక్కటే కాదు, ఇష్టం కూడా మోసానికి ముడిసరుకు అవుతుంది. దీనికి అనకాపల్లి బెల్లం మార్కెట్టును మించిన ఉదాహరణ దొరకదు. దేశంలోనే పేరున్న మార్కెట్టు అది. అక్కడ దిమ్మ విలువను ముందు తేల్చేది రంగు. పసుపు బంగారంలా మెరిసే దిమ్మ మొదటి రకం, రంగు తగ్గే కొద్దీ రకం దిగుతుంది, ధరా దిగుతుంది. చెరకురసాన్ని పెనంలో కాచి, సున్నం వేసి, బెండ మొక్కల జిగురుతో మడ్డి తీసి వండిన బెల్లం సహజంగా గోధుమ రంగులోకి తిరుగుతుంది. రంగు రావాలంటే హైడ్రోస్ అనే పొడి కలపాలి. అది సోడియం హైడ్రోసల్ఫైట్. దాంతో దిమ్మ ఆ పూటకు తళతళలాడుతుంది. నిల్వ ఉంచితే ఆ తళుకు నిలవదు, బెల్లంలో గంధకపు అవశేషం మాత్రం మిగులుతుంది. ఇక్కడ ఎవరు ఎవరిని మోసగించినట్టు? దిమ్మ వెలుతురులోనే ఉంది. కొనేవాడు చేత్తో చిదిమి, నోట్లో వేసుకుని మరీ కొన్నాడు. వండినవాడు కొనేవాడి కన్ను కోరిన రంగునే ఇచ్చాడు. రంగు తగ్గిన మంచి బెల్లం తెచ్చిన రైతుకు తక్కువ ధర కట్టినప్పుడు ఆ కన్నే అతనికి అన్యాయం చేసింది. కన్ను బెల్లంలో చూసింది రంగు ఒక్కటే. 'మేలు రకం' అన్నది ఆ రంగు మీద మనసు అతికించినది.

ఈ అతికింపును ఇంకా స్పష్టంగా చూడాలంటే అనకాపల్లి నుంచి కొద్ది దూరంలో ఉన్న సంకరం గ్రామానికి వెళ్ళాలి. అక్కడ పక్కపక్కన రెండు కొండలున్నాయి. క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దాల మధ్య అక్కడ బౌద్ధ విహారం నడిచింది. థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ ఆ రాళ్ళ మీద తమ గుర్తులు వదిలాయి. తూర్పు కొండలో తొలిచిన గుహలు, వాటిలో రాతి స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం, పైన బుద్ధుడి విగ్రహాలు ఉన్నాయి. పడమటి కొండ నిండా చిన్నా పెద్దా స్తూపాలు వరుసలు వరుసలుగా కొండరాతిలోనే మలిచి ఉన్నాయి. 1906లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. అప్పుడు బయటపడ్డ నాణేల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా ఉంది.

బౌద్ధం వెళ్ళిపోయింది, రాళ్ళు మిగిలాయి. రాళ్ళకు కొత్త పేర్లు వచ్చాయి. సంఘారామం సంకరమైంది. బుద్ధుడి కొండ బొజ్జన్నకొండ అయిందంటారు. స్తూపాల వరుసలు చూసినవారికి శివలింగాల్లా తోచి పడమటిది లింగాలకొండ అయింది. ఎవరూ ఎవరినీ మోసగించలేదు. గుండ్రంగా, పైకి ఉబ్బిన రాయిని చూసినప్పుడు తెలిసిన ఆకారం గుర్తుకు రావడం సహజం. కానీ కొండ మీద ఇంకొకటి కూడా జరిగేది. కనుమ నాడు చుట్టుపక్కల జనం కొండకు చేరి, పొట్ట ఆకారంలో ఉన్న ఒక రాతి కట్టడాన్ని రాక్షసుడనుకుని రాళ్ళతో కొట్టేవారు. పండగ పూట రాళ్ళు వేసే ఆచారం. అహింస బోధించినవారు కట్టిన చోట, ఏ హానీ చేయని రాతి మీద, ఏటా రాళ్ళ వాన. ఇది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అయినా రాయి విసిరినవాడిలో ద్వేషం లేదు. చెడును కొడుతున్నాననే అతను అనుకున్నాడు. అందులోనే ఈ ఉదాహరణ బరువంతా ఉంది.

రాయి విసిరినవాడు చూసిందేమిటి? భ్రాంతి ఎలా పుడుతుందన్న ఈ ప్రశ్న మీద భారతీయ దార్శనికులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. వాళ్ళ నిత్యోదాహరణ ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం. లోపలి భావమే బయటి వస్తువుగా కనబడుతోందని యోగాచార బౌద్ధులు అన్నారు. ఎక్కడో ఉన్న వెండి ఇక్కడున్నట్టు తెలియడమే భ్రమ అని నైయాయికులు అన్నారు. ఆ వెండి ఉన్నదీ కాదు, పూర్తిగా లేనిదీ కాదు, ఇదీ అని చెప్పరానిది అని అద్వైతులు అన్నారు. సంకరంలో విహారం నడిచిన రోజుల్లోనే జీవించిన బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రత్యక్షానికి గట్టి గీత గీశాడు. సంప్రదాయం అతణ్ణి వేంగి దేశంతో ముడిపెడుతుంది. పేరూ జాతీ లాంటి కల్పనలేవీ చేరకముందు ఇంద్రియానికి అందేదే ప్రత్యక్షమని అతని నిర్వచనం. ఆ లెక్కన కంటికి అందింది ఒక వంపు, ఒక ఛాయ. 'పొట్ట' అన్నప్పుడే కల్పన మొదలైంది. 'రాక్షసుడి పొట్ట' అనేసరికి అది పూర్తయింది.

ప్రభాకర మీమాంసకుల మాట వీటన్నిటికంటే వింతగా ఉంటుంది. అసలు తప్పు జ్ఞానం అనేదే లేదంటారు వాళ్ళు. ఎదురుగా మెరుస్తున్నదేదో ఉంది, అది చూపు. వెండి గుర్తుకు వచ్చింది, అది జ్ఞాపకం. రెండూ నిజమే. ఆ రెండూ వేరని పట్టుకోలేకపోవడమే భ్రాంతి. తత్త్వశాస్త్రంగా దీనికి చిక్కులున్నాయి, ప్రతివాదులు వాటిని వదిలిపెట్టలేదు. కానీ మనుషుల మధ్య జరిగే మోసాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కొండ మీద చూసింది రాయి, విన్నది రాక్షసుడి కథ. రాయి నిజంగా చూశాడు, కథ నిజంగా విన్నాడు. కళ్ళారా చూసిందెంతో చెవులారా విన్నదెంతో చెప్పమంటే చెప్పలేడు. చూశాననే అంటాడు. మోసగాడి నేర్పంతా ఈ గీతను చెరిపేయడంలో ఉంది. అతను ఏదో ఒకటి తప్పకుండా చూపిస్తాడు. స్థలం చూపిస్తాడు, కాగితం చూపిస్తాడు, మొదటి నెల వడ్డీ చేతిలో పెడతాడు. మిగతాది వినిపిస్తాడు.

అలాగని విన్నదాన్ని నమ్మడం మానేయడం ఎవరి తరమూ కాదు. తన తల్లిదండ్రులెవరో మనిషి విని తెలుసుకున్నదే. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా నిలబెట్టాడు. అయితే ఆ మాట ఆప్తుడిది కావాలి. ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడని అక్కడి నిర్వచనం. ఇప్పుడు ఆప్తుడంటే దగ్గరివాడు, కావలసినవాడు అనే అర్థమే జనంలో మిగిలింది. ఈ అర్థం మారడంలోనే ఎన్నో కొంపలు మునిగాయి. దగ్గరివాడు కాబట్టి నిజం చెబుతాడనుకుంటారు. నిజం చెప్పేవాడు కాబట్టి ఆప్తుడన్నది శాస్త్రం. ఇప్పుడు 'డిజిటల్ అరెస్టు' అని భయపెట్టి డబ్బు లాగేవాళ్ళు వీడియో కాల్‌లో పోలీసు దుస్తులతో కనిపించడం కూడా ఆప్తుడి వేషమే. అలాంటి అరెస్టు చట్టంలో లేదని ప్రభుత్వం ఎన్నిసార్లు చెప్పినా ఆ దుస్తులు కంటికి ఆనగానే గీత చెరిగిపోతుంది.

ఆప్తుడే అబద్ధమాడితే? భారతంలో ద్రోణుడి చావు ఈ ప్రశ్నే. కొడుకు అశ్వత్థామ చచ్చాడని భీముడు అరిస్తే ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజును అడిగాడు. అది సరైన పద్ధతి, ఏ తార్కికుడైనా అదే చేయమంటాడు. ధర్మరాజు చెప్పింది అక్షరాలా అబద్ధం కూడా కాదు, చచ్చింది అశ్వత్థామ అనే ఏనుగు, ఆ ఏనుగన్న మాట వినపడకుండా అన్నాడు. ద్రోణుడు ఆయుధం వదిలాడు. నేలకు నాలుగంగుళాల పైన నడిచే ధర్మరాజు రథం నేలను తాకింది. ద్రోణుడి విచారణలో లోపం లేదని, లోపమంతా చెప్పినవాడిదేనని కథ తీర్పు ఇచ్చింది. అబద్ధాలకోరు చేసే మోసానికి హద్దుంటుంది. సత్యవంతుడు ఒక్కసారి చేసే మోసానికి హద్దు లేదు, ఎందుకంటే అది అడిగి తెలుసుకునే దారినే కూల్చేస్తుంది.

కప్పి ఉంచిన ప్రతిదీ మోసం కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. విశాఖ పక్కన సింహాచలంలో వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడుగునా చందనంలో ఉంటాడు. చూసేవారికి అది లింగాకారంలా కనిపిస్తుంది. అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం. ఇది ఆవరణమే, కానీ వంచన కాదు. కప్పి ఉందని ప్రతి భక్తుడికీ తెలుసు, తీసే రోజు పంచాంగంలో రాసి ఉంది. సద్ధర్మపుండరీక సూత్రంలో కాలిపోతున్న ఇంట్లోంచి పిల్లలను బయటికి రప్పించడానికి తండ్రి బొమ్మబండ్లు ఆశ చూపుతాడు. అది అబద్ధమా అని ఆ గ్రంథమే ప్రశ్న వేసుకుని, కాదంటుంది. ఈ జవాబును ఎవరు పడితే వారు వాడుకునే ప్రమాదం ఉంది. మేలు కోసమే దాచానని మోసగాడు వాదించవచ్చు. ఒక్క పరీక్ష నిలుస్తుంది: దాచినవాడు దాన్ని తీసే రోజు ఒకటి పెట్టుకున్నాడా లేదా? ఆ తండ్రి పిల్లలు బయటపడగానే బండ్లు ఇచ్చాడు, అదీ చెప్పినదానికంటే మేలైనవి.

ఇక మిగిలింది నింద. మోసపోయినవాణ్ణి లోకం రెండుసార్లు కొడుతుంది. 'అంత చదువుకుని ఎలా పడ్డావు' అంటుంది. మీమాంసకులు దీనికి ఎప్పుడో సమాధానం ఇచ్చారు. పుట్టిన జ్ఞానం తనంతట తానే ప్రమాణం, దాన్ని కాదనే బాధక జ్ఞానం వచ్చేవరకు మనిషి దాన్ని నమ్ముతాడు, నమ్మాలి. ప్రతిదానికీ ముందే రుజువు అడిగితే ఆ రుజువుకు మరో రుజువు కావాలి, బతుకు కదలదు. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు, ప్రామాణ్యం బయటి నుంచి తేలాలన్నారు. నింద విషయంలో మాత్రం మీమాంసకుల మాటే ధర్మంగా ఉంది. నమ్మినందుకు మనిషిని తప్పుపట్టడానికి లేదు. బాధక జ్ఞానం ఎదుటికొచ్చి నిలబడ్డాక కూడా కళ్ళు తిప్పుకుంటే అప్పుడు తప్పు మొదలవుతుంది. కాలాములనే జనం ఎవరి మాట నమ్మాలని బుద్ధుణ్ణి అడిగినప్పుడు, పదే పదే విన్నామనో, తాతల నాటి నుంచి వస్తోందనో, గురువు చెప్పాడనో పట్టుకోవద్దని, ఆచరణలో మేలూ కీడూ చూసి మీరే తెలుసుకోండని చెప్పాడు. నమ్మవద్దని ఆయన అనలేదు. విన్నది విన్నదిగా గుర్తుపెట్టుకోమన్నాడు.

బొజ్జన్నకొండకు బాధక జ్ఞానం ఆలస్యంగా వచ్చింది. రీ తవ్వకాల తర్వాత కూడా చాలా ఏళ్ళు రాళ్ళు పడుతూనే ఉన్నాయి. పండితులకు తెలిసింది కొండ కింది ఊళ్ళకు చేరలేదు. చివరికి వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ పూనుకుని ఆ రాయి ఏమిటో చెప్పి ఆచారాన్ని మాన్పించింది.  రాళ్ళు విసిరిన చేతులకు ఎవరూ శిక్ష వేయలేదు. ఆ రాతి కట్టడం ఇంకా కొండ మీదే ఉంది, దెబ్బల గుర్తులతో.